నిలబడ్డప్పుడు

"ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా ఉంటుంది?"
"బాగానే లాగుతుంది."
"పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు?"
"పర్లేదు."
"మరి ఎప్పుడు రోగం?"
"నిలబడ్డప్పుడు," అన్నాను.
నేనూ అంతేనని అనబోయి
టోపీ సర్దుకున్నాను.

గాన్‌గాన్ ఊరి చివర, రేకుల షెడ్డులో
ఎర్సీలియా నావెల్‌కిర్
నా మొహం చూడలేదు. బానెట్ ఎత్తింది.
డెబ్భై రెండు నాటి షెవర్లె, మా మామ కొన్నది,
ఉన్ని బేళ్ళు మోసీ మోసీ నడుం వంగినది,
సీట్లలోంచి గొర్రె కొవ్వు వాసన ఇంకా వదలనిది.
తాళం తిప్పగానే
చలిజ్వరం పట్టినట్టు
అద్దాలూ తలుపులూ నా దవడా
కలిసి అదిరాయి.

పెట్రోల్లో నీళ్ళు కలిపారన్నాను.
దుమ్మును తిట్టాను,
ట్రెలెవ్‌లో ప్లగ్గులు అమ్మినవాణ్ణి
వాడి తాతతో సహా తిట్టాను.
తప్పు చేసినవాడికి నోరెక్కువ.
ఆవిడ కెటిల్ తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

తోలు తొడుగు వేసుకుని
ఒక్కో ప్లగ్గు వైరూ ఊడలాగింది.
మొదటిది తీస్తే ఇంజను కుంటింది.
"వీడు పనిచేస్తున్నాడు," మళ్ళీ తగిలించింది.
రెండోది తీస్తే కుంటింది.
మూడు, నాలుగు, అదే తీరు.
ఐదోది లాగింది.
ఏమీ కాలేదు.
ఆరోది.
ఏమీ కాలేదు.
తీసేసినా తేడా తెలియనివాడే
రోగి అని ఆవిడ లెక్క.
మా ఉన్ని కత్తిరింపు ముఠాలో
ఎవర్ని తీసేస్తే ఏ చప్పుడు మారుతుందో
వరసగా ఊహించుకుంటూ వచ్చి
నా దగ్గర ఆపేశాను.

ప్లగ్గులు విప్పింది. నిప్పు ఉంది.
రంధ్రం మీద బొటనవేలు అదిమి
"తిప్పు," అంది. గాలి వేలిని తోసేసింది.
"నిప్పుంది, బలముంది.
వీళ్ళిద్దరిదీ ఒకటే గొంతు.
ఆ గొంతుకే ఎక్కడో చిల్లు."

బయట మెసెటా గాలి
రేకుల్ని పీకి చూస్తోంది.
ఆ హోరులో సన్నని ఈల ఎవరికి వినిపిస్తుంది?
ఆవిడ వినే ప్రయత్నమే చేయలేదు.
మాతే కోసం కాచిన నీళ్ళు
(కాలిన ఇనుముకి చన్నీళ్ళు పడవట)
కెటిల్ వంచి చుక్కచుక్కగా
మానిఫోల్డ్ అంచు వెంబడి పోసుకుంటూ వచ్చింది.
ఆవిరి.
ఆవిరి.
చివరి మూలకి చేరేసరికి
ఇంజను ఒక గుటక మింగింది,
పొలమారింది,
రెండు ఊపిర్ల సేపు నున్నగా నడిచి
మళ్ళీ వణుకు అందుకుంది.

నాకప్పటికే తెలుసు.
బోల్టులు విప్పుతుంటే
గోడమీది పాత కేలండర్ చదువుతూ నిలబడ్డాను.
గాస్కెట్ ఉండాల్సిన చోట
మాతే ఆకు డబ్బా అట్టముక్క.
మాడి నల్లబడినా
పచ్చ అక్షరాలు రెండు మిగిలాయి.
పోయిన ఏప్రిల్లో, నడిదారిలో,
తొలి మంచు రాలుతుంటే
గొర్రె కత్తెరతో నేను కోసి ఇరికించింది.
ఇల్లు చేరేదాకా చాల్లే అనుకున్నది.
తర్వాత ఎన్నిసార్లు ఇల్లు చేరానో.

నవ్వలేదు, తిట్టలేదు.
ముక్కని నా అరచేతిలో పెట్టి
కొత్త గాస్కెట్ రేకు నా ముందుకి తోసింది.
"దీన్నే ఆనించి గీసుకో.
కొలత మాత్రం సరిగ్గానే కోశావు."

కూలి అర పొట్టేలు.
బేరమాడే మొహం నాకు లేదు.

నలభై కిలోమీటర్లు వచ్చాక
ఏ పనీ లేని చోట బండి ఆపాను.
దిగలేదు. ఇంజను ఆపలేదు.
డాష్‌బోర్డు మీద మాతే బుర్రలో
నురుగు కొంచెం,
చాలా కొంచెం, కదులుతోంది.
వయసు మళ్ళింది కదా, ఆ మాత్రం ఉంటుందిలే,
అని పైకే అన్నాను.
కంచె అవతల మేస్తున్న గ్వనాకో ఒకటి
తలెత్తి
మేమెప్పుడు కదులుతామా అని
చాలాసేపు చూసింది.